సుక్కలింకా వస్తన్నాయి

మా క్వార్టర్ల వరసకు వెనక, కుళాయి పక్కన, బొగ్గులు పోసుకునే చిన్న గది ఉండేది. ఏడాదికోసారి దానికి సున్నం కొట్టేవారు. సున్నం ఆరిన రోజు నుంచి ఆ గోడ పిల్లలది. గది లోపల బొగ్గు, బయట తెల్లటి గోడ. పెద్దవాళ్ళు ఎంత కసిరినా సాయంత్రానికల్లా గోడ మీద రైలింజన్లు, ఏనుగులు, కొమ్ముల రాక్షసులు బయల్దేరేవి. నేను చెప్పబోయేది ఒక ఫాల్గుణ మాసంలో ఆ గోడ మీద కనబడిన చుక్కల గురించి.

పంతొమ్మిది వందల అరవైల మధ్య రోజులవి. ఖరగ్‌పూర్ వర్క్‌షాపు కూతకు నిద్ర లేచి, ఆ కూతకే అన్నాలు తిని పెరిగిన తెలుగు పిల్లలం మేము. మా తాతలు శ్రీకాకుళం, విజయనగరం పక్క ఊళ్ళ నుంచి వచ్చి ఆ వర్క్‌షాపులో కుదురుకున్నారు. వాళ్ళతో పాటు భాషా వచ్చింది, అమ్మవారూ వచ్చింది. వేసవిలో మావాళ్ళు పందిరి వేసి అమ్మవారిని నిలబెట్టేవారు. పసుపు రాసి వేపమండలు కట్టిన ఘటాన్ని తల మీద పెట్టుకుని, డప్పులతో వీధి వీధీ తిప్పేవారు. ఘటం గుమ్మం ముందుకు రాగానే ఆ ఇంటి ఆడవాళ్ళు చెంబుతో నీళ్ళు తెచ్చి, ఘటం మోసే మనిషి పాదాల మీద పోసేవారు. చివరి రోజున అమ్మవారిని సాగనంపేవారు. పెద్దవాళ్ళకు అది కొద్ది రోజుల పండగ. మాకు మాత్రం ఏడాది పొడుగునా ఆడుకునే ఆట.

ఆటలో ఘటం మోయడం నా వంతు. మా ఇంటి వరండాలో శనివారం శనివారం భజన జరిగేది, మా నాన్న పురాణం చదివి అర్థం చెప్పేవాడు. ఆ హోదా కొద్దీ నాకు ఘటం దక్కింది. మూతి విరిగిన కుండ, దాని చుట్టూ వేపమండలు. నాకన్నా పెద్దపిల్ల ఒకతి డాల్డా డబ్బా మెడలో వేసుకుని డప్పు కొట్టేది. నీళ్ళు పోసే పని పక్కింటి చిన్నపిల్లది. దానికి ఐదో ఏడు నడుస్తోంది. నీళ్ళు పోసేటప్పుడు అది ఎప్పుడూ నవ్వేది కాదు. మేమంతా మధ్యలో నవ్వేసి ఆట చెడగొట్టుకుంటే అది మాత్రం చెంబు పట్టుకుని, అమ్మవారు మళ్ళీ నా మీదికి వచ్చేదాకా ఓపిగ్గా నిలబడేది.

మా నాన్న వర్క్‌షాపులో ఫిట్టరు. ఇంట్లో పూజ చేసేటప్పుడు నన్ను పక్కన కూర్చోబెట్టుకునేవాడు. పసుపు ముద్ద చేసి తమలపాకు మీద పెట్టి, కళ్ళు మూసుకుని మంత్రం చదివి, "ఇప్పుడిది పసుపు కాదు" అనేవాడు. పూజ అయ్యాక అక్షతలు వేసి ముద్దను కొంచెం పక్కకు జరిపేవాడు. "ఇప్పుడు మళ్ళీ పసుపే. మీ నాన్నమ్మ మొహానికి రాసుకోవచ్చు."

మొదటిది ఆవాహన, రెండోది ఉద్వాసన. పిలవడం, పంపడం. ఆ రెండో దాన్ని నాన్న ఎప్పుడూ అశ్రద్ధ చేసేవాడు కాదు. ఒకసారి నేను ఆకలేసి ఉద్వాసన కాకముందే లేవబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు. "పిలిసినోళ్ళే పంపాల అమ్మీ. పంపకుండా మనం లేసిపోతే, ఆ కూకున్నోళ్ళు కూకునే ఉంటారు." చాలా రోజులు ఖాళీ తమలపాకు వైపు చూడాలన్నా భయపడ్డాను.

ఇప్పుడు ఆదివారాలు మా మందిరంలో పిల్లలకు కథలు చెబుతుంటాను. గుడ్డపీలికను ఒళ్ళో పెట్టుకుని జోకొట్టే పిల్లలను చూసినప్పుడల్లా ఇదే తోస్తుంది. ఆవాహన వాళ్ళకు ఎవరూ నేర్పక్కర్లేదు. పీలికలో బిడ్డ వచ్చి కూర్చుంటుంది, అగ్గిపెట్టెలో రైలు వచ్చి కూర్చుంటుంది. ఇంట్లో పెద్దవాళ్ళు గొంతు తగ్గించి మాట్లాడుకునేది కూడా వచ్చి కూర్చుంటుంది. పంపడమే వాళ్ళకు తెలియదు.

ఆ ఫాల్గుణంలో పక్కింటి చిన్నపిల్ల మా ఆటకు రావడం మానేసింది. బొగ్గుల గది గోడ వార ఒక్కతే కూర్చునేది. ముందు ఒక గుడ్డబొమ్మ. దాన్ని పాత చీరముక్కలో చుట్టి వేపరెమ్మల మీద పడుకోబెట్టి, ఇంకో వేపరెమ్మతో పైనుంచి విసురుతూ ఉండేది. ఆ చీరముక్క బొమ్మ మొహాన్ని కూడా కప్పేసి ఉండేది.

డప్పు కొట్టే పెద్దపిల్ల వెళ్ళి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. "ఏటే, ఇక్కడ కూకున్నావు? లెగు, నీళ్ళు పొయ్యాల."

"నానొల్ల. మీరు దూరంగా ఎల్లండి. అమ్మోరొచ్చింది."

"ఇంకా పందిరే ఎయ్యనేదు. అమ్మోరు ముందు బండికే వచ్చీసిందేటి?"

మేమంతా నవ్వాం. చిన్నపిల్ల నవ్వలేదు. వేలు పెదాల మీద పెట్టుకుంది. "గట్టిగా మాటాడకండి. మా ఇంటికొచ్చింది."

మా భాషలో ఆ మాటకు రెండు అర్థాలు. పండగకు పందిట్లోకి వచ్చేదీ అమ్మోరే, మశూచి పోసి ఒంటి మీదికి వచ్చేదీ అమ్మోరే. రోగాన్ని రోగమని ఎవరూ నోట పలికేవారు కాదు. కానీ పిల్లలకు తెలిసింది పందిట్లో అమ్మోరే. అందుకని మేము ఆ మాటను ఆటగానే విన్నాం.

అప్పుడే పెద్దపిల్ల గోడ చూసింది. గోడ మీద బొగ్గుతో పెద్ద సున్నా, దానికి దువ్వెన పళ్ళలాంటి వేళ్ళతో చేతులు, కాళ్ళు. లోపలంతా చుక్కలు. "ఇదేటే? ముగ్గేటి? సుక్కలెట్టి ఒగ్గేస్తే ముగ్గయిపోద్దా? కలపాల. ఇలాగియ్యి బొగ్గు."

చిన్నపిల్ల బొగ్గుముక్కను గుప్పిట్లో దాచేసుకుంది. "ఇప్పుడు కలపకూడదు. సుక్కలింకా వస్తన్నాయి."

మర్నాటికి చుక్కలు పెరిగాయి. ఆ మర్నాటికి ఇంకా పెరిగాయి. బుగ్గల మీద పెట్టడానికి చోటు లేక చుక్క మీద చుక్క పెట్టింది. తరువాత అరచేతుల్లో పెట్టింది. అరికాళ్ళలో పెట్టింది. పెట్టేటప్పుడు ఆలోచించేది కాదు. ఇంట్లోకి వెళ్ళేది, కాసేపుండి బయటికి వచ్చేది, చూసి వచ్చినట్టుగా పెట్టేది.

వాళ్ళ నాన్న ఇంజన్ మీద ఫైర్‌మన్. బండి మీద వెళితే మర్నాడో ఆ మర్నాడో గానీ ఇంటికి రాడు. తల్లికి ఈ పిల్ల కాక ఇంకా పళ్ళు రాని చంటివాడున్నాడు. ఆవిడ మొహం నిండా మశూచి గుంటలు. చిన్నతనంలో అమ్మవారు వచ్చి వదిలిపెట్టిన మొహం. వీళ్ళకన్నా ముందు ఒక కొడుకు ఉండేవాడు. వేరే ఊళ్ళో పనిచేసేటప్పుడు వాడికి అమ్మవారు పోస్తే బండిలో ఎక్కించుకుని, ఊరి బయట వేరుగా ఉంచే వార్డుకు తీసుకుపోయారు. వాడు మళ్ళీ రాలేదు. ఆ సంగతి వరసలో అందరికీ తెలుసు, ఎవరూ ఎత్తేవారు కాదు.

ఆ వారం పక్కింటి నుంచి తాలింపు వాసన రాలేదు. తీగ మీద బట్టలు ఆరలేదు. శనివారం భజనకు ఆవిడ రాలేదు. తాళాలు వాయించేది ఆవిడే. ఆ తాళాలు చాప మీద అలాగే ఉండిపోయాయి. నాన్న ఆ రోజు పురాణం చదువుతూ రెండుసార్లు ఆ చాప వైపు చూశాడు.

మా అమ్మ పురిటికని ఊరెళ్ళి ఉంది. ఇల్లు నడిపేది మా నాన్నమ్మ. కుళాయి దగ్గర ఆడవాళ్ళు గుసగుసలాడుతుంటే ఆవిడ అనడం నేను విన్నాను. "ఆటలమ్మే అయ్యుంటాది. నాలుగు రోజులు ఆడి ఎల్లిపోద్ది. మీరు నోరు కుట్టుకోండి."

ఆటలమ్మ అంటే పెద్ద అమ్మవారికి చెల్లెలు, ప్రాణాలు తీయని చెల్లెలు. పిల్లలతో ఆడుకుని పోయే తల్లి. నాకా పేరు నచ్చింది. పక్కింటికి వచ్చింది ఆవిడే అయితే ఇంకేం, ఆట బాగుంటుంది అనుకున్నాను.

ఇదిలా ఉండగా ఖరిదా బజారు వైపు మశూచి ఉందని పుకారు వచ్చింది. ఎదుటి వరసలో ఒక గార్డుగారి భార్య, బెంగాలీ ఆవిడ, మా నాన్నమ్మతో కుళాయి స్నేహం. బిందె కింద పెట్టి, గొంతు తగ్గించి అడిగింది. "మాసీమా, మాయేర్ దయా హోయెఛే నాకి?"

నాన్నమ్మ ఎన్నో ఏళ్ళుగా ఆ ఊళ్ళో ఉంది గానీ ఆవిడ బెంగాలీ కూరగాయలు దాటి పోలేదు. అమ్మ దయ అన్న ముక్క ఒక్కటే చెవిని పడింది. పొంగిపోయింది. రెండు చేతులూ జోడించి, "హాఁ హాఁ, బహుత్ దయా. హమ్‌లోగ్ పే సబ్ మాయేర్ దయా" అంది. మా మీద అంతా అమ్మ దయే అని.

బెంగాలీ వాళ్ళు మశూచిని తల్లి దయ అంటారని ఆవిడకు తెలియదు. ఎదుటావిడ మొహం పాలిపోయింది. బిందె అక్కడే వదిలేసి పైట నోటికి అడ్డం పెట్టుకుని వెళ్ళిపోయింది.

"ఏటయినాది ఈవిడకి? దేవుడి మాటంటే అంత బయమేటి?" అంది నాన్నమ్మ.

మర్నాడు పొద్దున టీకాల వాళ్ళు నేరుగా మా గుమ్మంలోకి వచ్చారు. ఖాకీ లాగు వేసుకుని పెట్టె మోసే మనిషి ఒకడు, తెల్ల చీరలో బెంగాలీ అమ్మాయి ఒకతి. పెద్ద పిల్లలా ఉందే తప్ప ఉద్యోగస్తురాలిలా లేదు. రోగి ఎక్కడ అని అడిగితే నాన్నమ్మ అగ్గి మీద గుగ్గిలం అయింది. "నా ఇంట్లో రోగమేటి? ఎవడు సెప్పినాడు? రండి, గంపలెత్తి సూసుకోండి." వాళ్ళు నిజంగానే గంపలెత్తి చూశారు. ఆ తరువాత, వచ్చాం కదా అని వరసలో అందరినీ నిలబెట్టి టీకాలు మొదలుపెట్టారు. చేతి మీద మందు చుక్క వేసి, పళ్ళున్న చిన్న చక్రంలాంటిది పెట్టి తిప్పేవారు. ఆ గుండ్రటి మచ్చ నా చేతి మీద ఇప్పటికీ ఉంది.

నేను చెయ్యి పట్టుకుని ఏడుస్తూ వెనక్కి వెళ్ళినప్పుడు చూశాను. పక్కింటి చిన్నపిల్ల బకెట్టు బోర్లించి, దాని మీదెక్కి, తమ ఇంటి తలుపుకు బయట తాళం వేస్తోంది. వేశాక ఒకసారి లాగి చూసింది. దిగి, తాళంచెవిని బొమ్మ చుట్టూ ఉన్న చీరముక్కలో దోపి, గోడ దగ్గరికి వెళ్ళి కూర్చుంది. కిటికీ రెక్క లోపలి నుంచి మూసుకుంది.

టీకాల వాళ్ళు ఆ తాళం ముందు ఆగారు. ఇక్కడెవరూ లేరా అని అడిగితే, "ఊరెల్లిపోనారు" అని ఆడవాళ్ళు ముగ్గురు నలుగురు ఒకేసారి చెప్పారు. మరీ ఒకేసారి చెప్పారు.

బెంగాలీ అమ్మాయి వెనక్కి వచ్చి చిన్నపిల్లను చూసింది. జబ్బ తిప్పి చూసింది. పాత టీకా మచ్చ ఉంది. వాళ్ళ అన్నను వార్డుకు తీసుకుపోయిన రోజున వేసిందట అది. అమ్మాయి నవ్వి, పక్కన గొంతుక్కూర్చుని, "గుడియా కో భీ లగా దూఁ?" అని అడిగింది. బొమ్మకూ వేసెయ్యనా అని.

చిన్నపిల్ల బొమ్మ మీద వంగిపోయింది. "వొద్దు. సూదేస్తే అమ్మోరికి కోపమొస్తాది. తమ్ముడు ఇప్పుడే తొంగున్నాడు."

చుట్టూ తెలుగు ఆడవాళ్ళు. అందరికీ అర్థమైంది. కుళాయి కట్టేసినట్టుగా మాటలు ఆగిపోయాయి. అర్థం కానిది ఆ అమ్మాయికి ఒక్కదానికే. నాన్నమ్మ వైపు తిరిగి, "క్యా బోలీ?" అంది, ఏమంటోంది అని.

నాన్నమ్మ అటూ ఇటూ చూసింది. "కుఛ్ నహీఁ. ఖేల్ రహీ హై" అంది. ఏమీ లేదు, ఆడుకుంటోంది అని.

ఆ అమ్మాయి లేవబోతూ, ఆసరాకని గోడ మీద చెయ్యి పెట్టింది. చెయ్యి వెనక్కి తీసుకుంది. అరచేతికి బొగ్గు అంటింది. అప్పుడు గోడను చూసింది. మొహం మీద చుక్కలు చూసింది. వంగి అరచేతుల్లో చుక్కలు చూసింది, అరికాళ్ళలో చుక్కలు చూసింది. ఆటలమ్మ అరచేతుల్లోకి, అరికాళ్ళలోకి అంత గుంపుగా దిగదు. పెద్దమ్మవారే దిగుతుంది. ఆ సంగతి నాకు పెద్దయ్యాక తెలిసింది. ఆ అమ్మాయికి అప్పుడే తెలుసు. రోజూ పక్కనుంచి నడిచే మేము కలపడం చేతకాని ముగ్గు అనుకున్నదాన్ని, భాష రాని మనిషి ఒక్క చూపులో చదివేసింది.

లేచి ఆ తలుపు దగ్గరికి వెళ్ళి చెవి ఆనించింది. చాలాసేపు అలాగే ఉంది. లోపల చంటివాడు ఒక్కసారి మూలిగాడు. ఏడుపు కాదు. ఏడవడానికి ఓపిక లేని శబ్దం.

పెట్టె మోసే మనిషి తాళం పగలగొట్టడానికి రాయి తెచ్చాడు. లోపలి నుంచి తల్లి అరిచింది. "లోన గొళ్ళెం ఏసినాను. తలుపిరిస్తే నా సావు సూస్తారు. నా బిడ్డనియ్యను."

సరిగ్గా అప్పుడే మధ్యాహ్నం కూత కూసింది. కాసేపటికి సైకిళ్ళు వచ్చాయి. నాన్న సైకిలు గోడకు చేర్చి, ఎవరినీ అడగకుండానే తలుపునూ, రాయినీ, ఆడవాళ్ళనూ చూశాడు. నాన్నమ్మ ఎదురెళ్ళింది.

"అమ్మోరి జోలికి ఎల్లకు బాబూ. తాళం పగిలిందంటే వరసంతా ఊడ్సుకుపోద్ది."

"పగలగొడతానని ఎవరన్నారమ్మా" అని నాన్న వెళ్ళి ఆ ఇంటి మెట్టు మీద కూర్చున్నాడు. చెప్పులు విడిచి మరీ కూర్చున్నాడు.

"సెల్లీ, నాను. ఇంట్లో ఎవరున్నారమ్మా?"

తలుపు వెనక నుంచి జవాబు వచ్చింది. "అమ్మోరున్నాది."

"మరి ఇంటికొచ్చిన తల్లికి తాళమేస్తారేటమ్మా?"

నాన్న తలుపుకు ఇంకొంచెం దగ్గరగా జరిగాడు.

"వచ్చినావిడ్ని పంపాల కదా. తలుపులన్నీ మూసీసి కూకుంటే ఆ తల్లి మాత్రం ఎలగెల్తాది? నీ కొడుకునొదిలి ఎల్దామన్నా దారేది?"

"నీకు తెలీదన్నా. ఎనకటోడిని అలగే అట్టుకెల్లినారు. నన్ను గేటు కాడ ఆపీసినారు. మూడో రోజుకి బట్టలు సేతికిచ్చినారు. బట్టలే ఇచ్చినారన్నా."

నాన్న లేచి బెంగాలీ అమ్మాయితో హిందీలో మాట్లాడాడు. ఆ అమ్మాయి కిటికీ దగ్గరికి వెళ్ళి రెక్క మీద మెల్లగా కొట్టింది. రెక్క ఒక వేలంత తెరుచుకుంది. సందులోంచి తల్లి మొహం, మొహం మీద గుంటలు కనిపించాయి. ఆ గుంటలు చూసి అమ్మాయి తల ఊపింది. ఈవిడకు ఎప్పుడో వచ్చి పోయింది కాబట్టి మళ్ళీ రాదు, బిడ్డతో పాటు వార్డులో ఉండొచ్చు, నేనే మాట్లాడతాను అంది. నాన్న ఆ మాటలు తెలుగులో చెప్పాడు. "నీ మొగం సూసి గేటు తీస్తారంట సెల్లీ."

కిటికీ మూసుకుంది. గొళ్ళెం తెరుచుకోలేదు.

నాన్న తాళం వైపు చూసి, నన్ను చూశాడు. నేను బొమ్మ వైపు చూశాను. ఆయనకు అర్థమైంది. ఆ పెట్టె మనిషి కూడా గ్రహించి అటు అడుగు వేస్తే నాన్న చెయ్యి అడ్డం పెట్టాడు. "లాక్కోవద్దు. ఆ పిల్ల పిలిసింది. ఆ పిల్లే పంపాల." నా వైపు తిరిగాడు. "అమ్మీ, మీ ఘటమెక్కడున్నాది?"

మూతి విరిగిన కుండ తల మీద పెట్టుకున్నాను. వేపమండలు నాన్నే చుట్టాడు. పెద్దపిల్ల డాల్డా డబ్బా మెడలో వేసుకుంది. ఎప్పుడూ ఆడే ఆటే. కానీ ఆ రోజు పెద్దవాళ్ళు ఎవరూ కసరలేదు, ఎవరూ నవ్వలేదు. పట్టపగలు, తల మాడ్చే ఎండ. అంతమంది మధ్య డబ్బా చప్పుడు తప్ప ఇంకేమీ వినబడటం లేదు. తల మీద కుండ బరువెక్కిందని ఇప్పుడంటే మీరు నమ్మకపోవచ్చు. బరువెక్కింది. నాలుగడుగుల దారిని నేను పడిపోతానేమో అనుకుంటూ నడిచి, గోడ దగ్గర చిన్నపిల్ల ముందు నిలబడ్డాను.

నాన్న బొమ్మకు దణ్ణం పెట్టాడు. ఆట కోసం పెట్టిన దణ్ణం కాదది. పూజలో పెట్టే దణ్ణమే. "నీళ్ళు పొయ్యమ్మా. తల్లి ఎల్తానంటంది."

చిన్నపిల్ల ఆయన మొహంలోకి చూసింది. "కోపం నేదా?"

"నేదు."

"సూదేసినా?"

"సూదీ ఆవిడిదే కదమ్మా."

అది కాసేపు ఆలోచించింది. లేచి, కుళాయి దగ్గర చెంబు నింపుకొచ్చి నా పాదాల మీద పోసింది. అదివరకు లాగే నవ్వకుండా, చివరి చుక్క దాకా పోసింది. తరువాత బొమ్మ చీరముక్కలోంచి తాళంచెవి తీసి, తనే బకెట్టెక్కి తాళం తీసింది. తలుపు మీద అరచేత్తో తట్టింది.

"అమ్మా, గొళ్ళెం తియ్యి. అమ్మోరిని సాగనంపుతన్నారు."

గొళ్ళెం తీసిన చప్పుడు ఈ క్షణానికీ నా చెవుల్లో ఉంది.

లోపలి నుంచి వేపాకు వాసన, దాని కింద ఇంకేదో వాసన వచ్చింది. నాన్నమ్మ నా కళ్ళు మూసింది. ఆవిడ వేళ్ళ మధ్య నుంచి తల్లి రావడం చూశాను. చేతుల మీద చీరలో చుట్టిన మూట, మొహం కప్పేసి ఉంది. ఒక పాదం మాత్రం బయటికి వేలాడుతోంది. గోడ మీద చూసిన పాదమే అది. ఒక్క చుక్క తేడా లేదు.

బండి వచ్చి తల్లినీ బిడ్డనూ తీసుకుపోయింది. చిన్నపిల్ల మా ఇంట్లో ఉంది. వాళ్ళ నాన్న డ్యూటీ దిగి వచ్చి, సంగతి విని, మా మెట్టు మీద కూర్చుని గార మీద గోటితో గీస్తూ ఉండిపోయాడు. వార్డు నుంచి కబురు ఒక రోజు ఒకలా, ఇంకో రోజు ఇంకోలా వచ్చేది. చంటివాడు కళ్ళు తెరవడం లేదన్నారు. పాలు మింగుతున్నాడన్నారు. మళ్ళీ మింగడం లేదన్నారు. నాన్నమ్మ మా పొయ్యి మీద తాలింపు మానేసింది. వాళ్ళు గుమ్మం తొక్కేదాకా నూనె చిటపటలాడకూడదంది. శనివారం భజనలో ఎప్పుడూ లేనంత మంది కూర్చున్నారు. తాళాలు ఎవరూ ముట్టుకోలేదు.

చిన్నపిల్ల రోజూ గోడ దగ్గరికి వెళ్ళేది. బొగ్గు చేతిలో పట్టుకుని కూర్చునేది గానీ ఒక్క చుక్కా పెట్టలేదు. తమ్ముణ్ణి చూడకుండా ఎలా పెడుతుంది? ఎవరు కనిపించినా ఒకటే అడిగేది. "సుక్కలింకా వస్తన్నాయా?" నాన్న కూడా ఆ పిల్ల కళ్ళలోకి చూడకుండా సైకిలు తీసుకుని వెళ్ళిపోయేవాడు.

నేను అమ్మవారిని అప్పుడూ నమ్మాను, ఇప్పుడూ నమ్ముతాను. టీకాల పెట్టెతో వచ్చిన ఆ అమ్మాయి కూడా ఆవిడ పంపితే వచ్చినదే. నాన్నమ్మకు బెంగాలీ సరిగ్గా రాకపోవడమూ ఆవిడ చలవే. కానీ ఆవిడ దేన్ని ఉంచుతుందో, దేన్ని తీసుకుంటుందో మనల్ని అడిగి చెయ్యదు. ఆ రోజుల్లో నాన్న పూజ దగ్గర పసుపు ముద్దను పక్కకు జరిపాక కూడా చాలాసేపు దాని వైపే చూస్తూ కూర్చునేవాడు. వెళ్ళిందో లేదో తెలియనట్టుగా.

వేసవి ముదిరాక, పందిరి రాటలు పాతే రోజుల్లో, రిక్షా ఒకటి మా వరస ముందు ఆగింది. తల్లి దిగింది. చేతుల మీద మూట ఉంది. బట్టల మూట కాదు. చంటివాడు.

ఆడవాళ్ళు గుమ్మాల్లోంచి చూశారు గానీ ఎవరూ దగ్గరికి రాలేదు. ఆవిడ మా వరండాలో చాప మీద వాణ్ణి పడుకోబెట్టింది. మొహం మీద కప్పిన గుడ్డ తియ్యలేదు. చిన్నపిల్ల వచ్చి పక్కన కూర్చుని, తనే మెల్లగా గుడ్డ తీసింది. నాన్నమ్మ "అమ్మా" అని మొహం తిప్పుకుంది. నుదురూ, బుగ్గలూ, గడ్డమూ అన్నీ గుంటలే. తల్లి మొహాన్నే చిన్నది చేసి పెట్టినట్టుంది.

చిన్నపిల్ల చాలాసేపు చూసింది.

"ఇంకా వస్తన్నాయేటమ్మా?"

"నేదమ్మా. అయిపోనాయి" అంది తల్లి.

అయితే సరేనన్నట్టు అది చూపుడు వేలు చాపింది. నుదుటి మీద ఒక గుంటలో పెట్టి, అక్కడి నుంచి పక్క గుంటకు, అక్కడి నుంచి కిందికి, మళ్ళీ పైకి, ముగ్గు కలిపినట్టు కలుపుతూ పోయింది. చంటివాడికి చక్కిలిగింత పుట్టి కాళ్ళు ఆడించాడు. తల్లి చేతులు చాప మీదున్న తాళాలకు తగిలి చిన్న చప్పుడైంది. వేలు బుగ్గ దాటి ఎడమ కంటి దగ్గరికి వచ్చింది. రెప్పల అంచు మీదుగా వెళ్ళింది. వాడు ఆ కన్ను ఆర్పలేదు. నల్లగుడ్డు మీద పాలపొరలా తెల్లగా ఉంది.

తల్లి తల వంచుకుంది. నాన్న కళ్ళు మూసుకున్నాడు.

చిన్నపిల్ల వేలు ఆగింది. కాసేపు అక్కడే ఉంది. "ఇది పెద్ద సుక్క" అని, దాన్ని ముట్టుకోకుండా చుట్టూ మెల్లగా తిప్పి, గీతను కిందికి కలిపేసింది.